జనరేటర్ కడితేనే వణికే బండి

ఆ రోజుల్లో లోకంలోని ఇంజిన్లన్నీ నేనొచ్చి బాగుచేయడం కోసమే చెడిపోతున్నాయని గట్టిగా నమ్మేదాన్ని. ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చి ఆరు నెలలైంది. క్లాసులో అంతమంది మగపిల్లల మధ్య ఒక్కదాన్నే ఆడపిల్లను కావడంతో లెక్చరర్లు ప్రతి ప్రశ్నా నన్నే అడిగేవారు. నన్నే అడుగుతున్నారని నేను ప్రతి జవాబూ బట్టీ పట్టేదాన్ని. అలా మూడేళ్ళు గడిచేసరికి ఇంజిన్ గురించి నాకు తెలియనిది లేదన్న పేరొచ్చింది, ఆ పేరును అందరికంటే ముందు నేనే నమ్మేశాను. (ఇంజిన్లు మాత్రం నమ్మలేదు. పరీక్ష పేపర్లు అవి చూడలేదు కదా.)

మచ్చ బొల్లారంలో మా ఇల్లు. అక్కడినుంచి పాత స్కూటీ మీద రోజూ అత్వెల్లి దాకా వెళ్ళి, రోడ్డు పక్కనున్న ఒక రేకుల షెడ్డులో పనిచేసేదాన్ని. ఆ షెడ్డు యజమానిని చుట్టుపక్కల అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అదే అనేదాన్ని. ఆడపిల్లను పనిలో పెట్టుకున్నావేమని అడిగినవాళ్ళకు "పానా పట్టుకోనీకి మీసాలెందుకు భాయ్?" అని జవాబు చెప్పేవాడు. ఇంట్లో మా నాయిన మాత్రం నాకు ఆర్నెల్ల గడువు పెట్టాడు. "ఆర్నెల్లు జూద్దాం బిడ్డా. కుదుర్తే కుదిరింది, లేకుంటే బ్యాంకు కోచింగుల చేరాలె" అన్నాడు. నాకు బ్యాంకు పేరు చెబితేనే ఏడుపొచ్చేది. ఏసీ గదిలో కూర్చుని చేతులకు గ్రీజు అంటకుండా బతకడమేమిటని అప్పట్లో నా బాధ. (ఇప్పుడు నడుం నొప్పి లేచిన రోజున ఆ ఏసీ గది అప్పుడప్పుడు గుర్తొస్తుంది.)

గడువులో నాలుగు నెలలు గడిచాక ఉస్తాద్ వాళ్ళ అమ్మాయి కాన్పు కోసం జహీరాబాద్ పోవలసి వచ్చింది. షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టి, బస్సెక్కేముందు మూడుసార్లు ఒకే మాట చెప్పాడు. "బేటీ, ఆయిల్ మార్చు. బ్రేకులు టైట్ చెయ్యి. పెద్ద పనొస్తే నేనొచ్చినంక జూస్తనని చెప్పు. నేను లేనప్పుడు ఎవ్వరి ఇంజిన్ ముట్టకు, సంఝే?" నేను బుద్ధిగా తలూపాను. బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే మా చిన్నాయిన వచ్చాడు.

మా చిన్నాయినది ఆ ఊరే. ఆయనకు ఒక పాత డీజిల్ పికప్ బండి, రెండు చక్రాల ట్రాలీ మీద బిగించిన ఒక జనరేటర్ ఉండేవి. జనరేటర్‌ను బండి వెనుక కొక్కేనికి తగిలించి, శామీర్‌పేట వైపున్న ఫంక్షన్ హాళ్ళకు లాక్కుపోయి పెళ్ళిళ్ళకు కిరాయికి పెట్టేవాడు. మూడుముళ్ళ వేళకు కరెంటు పోతే మా చిన్నాయిన మీటనొక్కితేనే ఆ పెళ్ళికి వెలుగు. అందుకే ఆయన తనను తాను సగం పురోహితుడిగా లెక్కేసుకునేవాడు. ఆయన ఎక్కడికి పోయినా పక్క సీట్లో మా చిన్నమ్మ ఉండవలసిందే. డ్రైవింగ్ ఆయనది, దారి చెప్పడం ఆమెది. దారి ఆయనకు ఇరవై ఏళ్ళుగా తెలిసినా సరే.

"బిడ్డా, బండి వణుకుతాంది" అన్నాడు చిన్నాయిన, బండి దిగుతూనే. "ఖాళీగ పోతె పెండ్లిపిల్ల లెక్క నిమ్మళంగ పోతాంది. ఎన్క జనరేటర్ తగిలిస్తే సాలు, సలిజరమొచ్చినట్టు గడగడ వణుకుతాంది. గిట్ల గిట్ల గిట్ల..." అని ఒళ్ళంతా కుదుపుతూ చూపించాడు. చేతిలో ఛాయ్ గ్లాసుందని మర్చిపోయినట్టున్నాడు, సగం ఛాయ్ నా చెప్పుల మీద పడింది.

"ఉస్తాద్ లేడంట గద, వారమైనంక వొద్దాం పా" అంది చిన్నమ్మ కిటికీలోంచి.

ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది. ఉస్తాద్ మూడుసార్లు చెప్పిన మాట గాలికి పోయింది. "ఉస్తాద్ ఎందుకు చిన్నమ్మా, నేను లేనా? సాయంత్రానికల్లా చేసిస్తా" అన్నాను. అని, నా ఆయుధం బయటకు తీశాను. బండి కంప్యూటర్‌కు తగిలిస్తే లోపమేమిటో తెరమీద చూపించే చిన్న స్కానర్ అది, నా మొదటి జీతంతో సెకండ్ హ్యాండులో కొన్నాను. దాన్ని పట్టుకుని బండి లోపల దూరి, డాష్‌బోర్డు కింద తల పెట్టి, తగిలించే చోటు కోసం వెతకడం మొదలుపెట్టాను. పావుగంటైంది. అరగంటైంది. మెడ పట్టేసింది.

"ఏం దేవులాడుతున్నవ్ పిల్లా గంత సేపటి సంది?" అంది చిన్నమ్మ.

"సాకెట్ చిన్నమ్మా, దీన్ని పెట్టే సాకెట్."

"ఫోన్ చార్జింగ్ దా? గది కాలిపోయి నాలుగేండ్లాయె."

అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు. అది పాతకాలపు పంపుతో నడిచే ఇంజిన్. ఆ బండికి అసలు కంప్యూటరే లేదు. లేని మెదడుకు నేను అరగంట సేపు పరీక్ష చేస్తున్నాను. మెల్లగా బయటికొచ్చి, "స్కానర్‌లో ఏ తప్పూ రాలేదు" అని ప్రకటించాను. (అబద్ధమైతే కాదు.)

ఇక మిగిలింది నా నోటుబుక్కు. అందులో ఎర్రసిరాతో గీత గీసి మరీ రాసుకున్న ఒక పేజీ ఉంది: 'ఇంజిన్ వణకడానికి పదకొండు కారణాలు'. మొదటిది డీజిల్ ఫిల్టర్ మూసుకుపోవడం. ఫిల్టర్ విప్పి చూస్తే నల్లగానే ఉంది. కొత్తది వేసి, గొట్టాల్లో గాలి తీసి, చిన్నాయిన పక్కన కూర్చుని మేడ్చల్ దాకా తోలించాను. బండి మెత్తగా పోయింది. గేరు గేరుకూ చిన్నాయిన మొహం విప్పారింది. వెనక్కి రాగానే చిన్నమ్మ బండి చుట్టూ ఉప్పు తిప్పి దిష్టి తీసి, ముందు కొత్త నిమ్మకాయ కట్టింది. అందువల్ల బండి నాతో బాగయిందా, నిమ్మకాయతో బాగయిందా అనే వాదం ఆ సాయంత్రం ఛాయ్ దుకాణంలో కాసేపు నడిచింది.

ఆ మధ్యాహ్నమే, నేనింకా ఫిల్టర్ బిగిస్తుండగా, ఉస్తాద్ ఫోన్ చేశాడు. "సబ్ ఠీక్ బేటీ?"

"ఠీక్ ఉస్తాద్. రెండు ఆయిల్ మార్పులు, ఒక బ్రేకు."

"ఇంజిన్ ఏం ముట్టలేదు గదా?"

"లేదుస్తాద్" అన్నాను, చేతికంటిన డీజిల్ పైంటుకు తుడుచుకుంటూ.

మర్నాటి పెళ్ళికి జనరేటర్ తగిలించుకుని పోయిన బండి శామీర్‌పేట దాటకముందే మళ్ళీ వణికింది. ఎడ్లబండి వేగంతో ఈడ్చుకుంటూ పోయి, చిన్నాయిన హాలుకు చేరేసరికి ఆలస్యమైపోయింది. ఫోన్‌లో ఆయన గొంతు మెత్తగానే ఉంది. "గదే వణుకుడు బిడ్డా. ఇప్పుడు ఎన్నో కారణం మీదున్నం మనం?"

రెండో కారణానికి పోయాం. నాజిళ్ళు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే సన్నని ముక్కులవి. విప్పి, మేడ్చల్‌లో పంపులు బాగుచేసే దుకాణంలో కడిగించి, మళ్ళీ బిగించాను. పనిలో పనిగా మూడో కారణం, ఇంజిన్ కుదుపు బండికి తగలకుండా కింద ఉండే దిమ్మ రబ్బర్లు కూడా మార్చాను. ఆ రెండు పనులకు రెండు రోజులు పట్టింది. మళ్ళీ మేడ్చల్ దాకా ఖాళీ బండి తోలాం. మళ్ళీ పెండ్లిపిల్ల నడక. చిన్నమ్మ ఈసారి నిమ్మకాయతో పాటు పచ్చిమిరపకాయలూ కట్టింది. ఆ తర్వాతి పెళ్ళికి బండి మళ్ళీ వణికింది. హాలు మేనేజర్ చిన్నాయినతో, "ఇంకొక్కసారి లేటయితె నువ్వు రాకు అన్నా, వేరే జనరేటరాయనను పెట్టుకుంటం" అనేశాడట. నాకూ నిమ్మకాయకూ మధ్య ఉన్న పోటీ అక్కడితో ముగిసిపోయింది, ఇద్దరిలో ఎవరూ గెలవలేదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మంచం మీద పడుకుని పదకొండు కారణాల పేజీ చదువుతూ ఉంటే, ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. రెండుసార్లూ నేను బండి తోలి చూసింది ఖాళీగా. బండి వణికేదేమో బరువు లాగినప్పుడు! కాలు నొప్పి నడిస్తేనే వస్తుందన్నవాణ్ణి మంచం మీద పడుకోబెట్టి చూసి, "నీకేం లేదు, పో" అని పంపిన డాక్టర్‌లా ఉంది నా వ్యవహారం. ఇది తట్టడానికి నాకు అన్ని రోజులు పట్టింది. నేను క్లాసు ఫస్టు.

మర్నాడు పొద్దున ఏడింటికే చిన్నాయిన ఇంటికి పోయాను. అవాళ అలియాబాద్ దగ్గరి హాల్లో పెళ్ళి. పెళ్ళిపిల్ల చిన్నమ్మకు దూరపు చుట్టం కూడా. అందుకని చిన్నమ్మ తన పెళ్ళినాటి మెరూన్ పట్టుచీర కట్టుకుని, తలనిండా మల్లెపూలతో బండెక్కడానికి తయారుగా ఉంది. తొమ్మిదింటికి జనరేటర్ హాల్లో ఉండాలి. లేకపోతే ఆ హాలే కాదు, ఆ వరసలోని హాళ్ళన్నీ పోతాయి. మేనేజర్లందరూ ఒకచోటే ఛాయ్ తాగుతారు.

"నేనూ వస్తా చిన్నాయినా. అది వణుకుతున్నప్పుడే చూడాలి" అన్నాను.

బండిలో డ్రైవర్ సీట్లో చిన్నాయిన, కిటికీ పక్కన చిన్నమ్మ, ఇద్దరి మధ్యా గేరు కడ్డీకి అటొక మోకాలు ఇటొక మోకాలు పెట్టుకుని నేను. మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డెక్కాక కొంతదూరం ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత మెల్లగా సీటు కింద గరగర మొదలైంది. చూస్తుండగానే డాష్‌బోర్డు మీద దేవుడి పటం ఊగింది, అద్దం ఊగింది, చిన్నమ్మ గాజులు గలగలమన్నాయి.

"సూ... సూడు పి... పిల్లా, గి... గిదే" అంది చిన్నమ్మ, పళ్ళు టకటకలాడుతుంటే.

"చిన్నాయినా, క్లచ్ తొక్కు!" అని అరిచాను. ఆయన తొక్కాడు. చక్రాలు దొర్లుతూనే ఉన్నాయి, ట్రాలీ వెనక వస్తూనే ఉంది, వణుకు మాత్రం టక్కున ఆగిపోయింది. కాలు తీస్తే మళ్ళీ మొదలు. మూడుసార్లు అలా చేయించాను. అంటే చక్రాలూ ట్రాలీ నిర్దోషులు. దొంగ ఇంజిన్ దగ్గరే ఉంది. నా ఉద్యోగంలో నేను కనిపెట్టిన మొట్టమొదటి నిజం అది. సంబరంతో నోటుబుక్కులో రాయబోతే అక్షరాలు కూడా వణికాయి.

రోడ్డు పక్కన తాటిముంజలమ్మే ఆమె దగ్గర బండి ఆపించి, బానెట్ ఎత్తి చూశాను. గొట్టాలన్నీ గట్టిగా ఉన్నాయి. ఎక్కడా కారడం లేదు. అంతా బాగానే ఉన్నట్టుంది, అదే నా ప్రాణం తీసింది. టైము ఎనిమిదింబావు. మళ్ళీ బయలుదేరాం. ఏమీ ఎరగనట్టు బండి చక్కగా పోయింది, ఒకటిన్నర కిలోమీటరు దాకా. మళ్ళీ గడగడ.

"ఆపుత, ఛాయ్ తాగేంత సేపు ఆగుదాం" అన్నాడు చిన్నాయిన నిదానంగా. "ఆపితె సల్లబడతది. మల్ల కొంచెం దూరం మంచిగ పోతది. రోజు గంతే గదా."

నేను గిర్రున తిరిగి ఆయన మొహంలోకి చూశాను. "రోజూ అంతేనా? ఆపితే తగ్గుతుందా? ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు చిన్నాయినా?"

"నువ్వు అడగలె గద బిడ్డా" అన్నాడాయన అమాయకంగా. "నువ్వు బుక్కుల జూసి చెప్తున్నవ్. మధ్యల నేనేంది జెప్పేది?"

"నేనైతే ఛాయ్ తాగనీకి బహానా జేస్తున్నడనుకున్న" అంది చిన్నమ్మ.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇరవై ఏళ్ళుగా ఆ బండిని తోలుతున్న మనిషి నా పక్కనే ఉన్నాడు. ఆయనను నేను అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు, చెప్పిన జవాబులు మాత్రం పదకొండు. నోటుబుక్కు మూసి సీటు వెనుక పడేశాను. పడేశాక, బహుశా జీవితంలో మొదటిసారి, ఊరికే ఆలోచించాను. బరువు లాగేటప్పుడు ఇంజిన్‌కు డీజిల్ ఎక్కువ కావాలి. ఎక్కువ కావాలన్నప్పుడే అందడం లేదు. ఆపి కాసేపు ఉంటే మళ్ళీ అందుతోంది. ఫిల్టర్ కొత్తది, నాజిళ్ళు కడిగినవి. ఇక మిగిలింది టాంకీ. టాంకీలోంచి వచ్చే దారిలో ఏదో అడ్డం పడుతోంది, ఆగినప్పుడు తప్పుకుంటోంది. టాంకీ దింపి చూడాలంటే ఇక్కడ రోడ్డు మీద కుదరదు, అంత టైమూ లేదు.

"చిన్నాయినా, జనరేటర్‌లో పోసే డీజిల్ క్యాన్ ఉందా?"

ఉంది, అయిదు లీటర్లది, నిండుగా. జనరేటర్ డబ్బాలో రబ్బరు గొట్టాలు కూడా ఉన్నాయి. టాంకీనుంచి ఇంజిన్‌కొచ్చే గొట్టం ఊడదీసి, దాని బదులు ఒక గొట్టం క్యాన్‌లోకి పెట్టాను. మిగిలిన డీజిల్ తిరిగి వెళ్ళే రెండో గొట్టాన్నీ క్యాన్‌లోకే తిప్పి, గాలి తీశాను. బానెట్ కొంచెం ఎత్తి తాడుతో కట్టి, రెండు గొట్టాలనూ కిటికీలోంచి లోపలికి తెచ్చాను. అప్పుడొచ్చింది అసలు సమస్య. క్యాన్ ఎవరు పట్టుకోవాలి? చిన్నాయిన తోలాలి. నేను మధ్యలో, నాకు గేరు కడ్డీ అడ్డం. కిటికీ పక్కన ఉన్నది చిన్నమ్మ, పెళ్ళినాటి పట్టుచీరలో.

ఆమె నన్ను చూసింది. క్యాన్‌ను చూసింది. తర్వాత చిన్నాయినను చూసింది. ఆయన రోడ్డు అవతల ఏదో ముఖ్యమైన విషయాన్ని పరిశీలిస్తున్నాడు.

"తే" అంది చివరికి. "కడుపుల బిడ్డను మోసిన, గీ క్యాన్ మొయ్యనా? ఒక్క సుక్క పడ్డదంటె మాత్రం ఇద్దర్నీ రోడ్డు మీదనే దించుత." కింద పాత గోనెసంచి పరిచి, ఒళ్ళో క్యాన్ పెట్టి, రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చుంది. (నా దగ్గర ఇప్పుడు పనిచేసేవాళ్ళెవరైనా ఇలాంటి పని చేస్తే నేను పెట్టే చీవాట్లకు షెడ్డు రేకులు లేచిపోతాయి. దయచేసి ఎవరూ చేయకండి.)

బండి కదిలింది. మూడో గేరు. నాలుగో గేరు. ఒక కిలోమీటరు. రెండు. శామీర్‌పేట దాటాం, అలియాబాద్ వైపు ఎత్తు మొదలైంది. ఇంతకుముందు ఆ ఎత్తు మీదే బండి ప్రాణాలు విడిచేది. నేను ఊపిరి బిగబట్టి దేవుడి పటం వైపు చూస్తున్నాను. అది ఊగడం లేదు.

"వణుకుతలేదు" అన్నాడు చిన్నాయిన గొంతు తగ్గించి, గట్టిగా అంటే బండి వింటుందేమోనన్నట్టు.

"వణుకుతలేదు! ఓ అయ్యో, వణుకుతలేదు!" అని చిన్నమ్మ సంబరంతో రెండు చేతులూ పైకెత్తింది. క్యాన్‌కు ఆధారం ఆ రెండు చేతులే. నేను పట్టుకునేలోగా లీటరు డీజిల్ ఆమె ఒడి మీదుగా, నా పైంటు మీదుగా, గేరు కడ్డీ మీదుగా పారింది. తిట్లు మొదలవుతాయని నేను తల దించుకున్నాను. కాని చిన్నమ్మ క్యాన్‌ను మళ్ళీ ఒళ్ళోకి సర్దుకుని, "అయింది ఎట్లైన అయింది. తోలు, నిలవెట్టకు. టైమెంతాయె?" అంది.

తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు హాలు గేటు దాటాం. మేనేజర్ చేతి గడియారం చూసుకుని, బానెట్‌కు కట్టిన తాడు, కిటికీలోకి దూరిన గొట్టాలు, ఒళ్ళో క్యాన్‌తో కూర్చున్న పట్టుచీర అమ్మను చూసి, పక్కకు తప్పుకుని దారిచ్చాడు. పదకొండింటికి, సరిగ్గా తలంబ్రాల వేళకు, కరెంటు పోయింది. ఫ్యాన్లాగాయి, మైకు ఆగింది, పంతులుగారి గొంతు ఒక్కటే సన్నగా మిగిలింది. మరు నిమిషంలో బయట మా జనరేటర్ గుర్రుమంది. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. మండపంలో ఎవరూ మా వైపు చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేదు. చిన్నాయిన మాత్రం నా వైపు చూసి మీసం తడిమాడు. భోజనాల దగ్గర మేం ముగ్గురం కూర్చున్న బల్ల చుట్టూ కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. డీజిల్ వాసన బగారా అన్నం వాసనను కూడా ఓడించింది. చిన్నమ్మ ఏమీ పట్టించుకోకుండా, "జాగ మస్తుగుంది, కాళ్ళు సాపుకోండ్రి" అని ఇంకో ముక్క వేయించుకుంది.

మర్నాడు షెడ్డులో టాంకీ దింపి డీజిల్ ఒంపేశాను. మూతిలోంచి ఇనుపతీగ కొక్కెం వేసి కలియబెడితే మెత్తగా ఏదో తగిలింది. లాగాను. వచ్చింది, వచ్చింది, ఇంకా వచ్చింది. పసుపు అంచున్న ఎర్రటి రవిక గుడ్డ. పాలలో గొట్టం పెట్టి పీలిస్తే మీగడ వచ్చి గొట్టం మూతికి అంటుకున్నట్టు, ఇంజిన్ గట్టిగా పీల్చినప్పుడల్లా అది వచ్చి గొట్టానికి అతుక్కునేది. ఆపితే మెల్లగా విడిపోయి అడుక్కు పోయేది. నా పదకొండు కారణాల్లో రవిక గుడ్డ లేదు.

విజయగర్వంతో గుడ్డను పైకెత్తి చూపించాను. చిన్నమ్మ దగ్గరకొచ్చి రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"గిది మా తమ్ముడు పెట్టిన రవిక గుడ్డ" అంది. ఆ గుడ్డ ఆర్నెల్ల కింద ఇంట్లోంచి మాయమైందని, దాన్ని మా అమ్మే తీసుకుపోయిందని ఆమె అనుమానమని, అందుకే మా అమ్మ ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడుతోందని అప్పుడే నాకు తెలిసింది. జనరేటర్‌లో మిగిలిన డీజిల్‌ను టాంకీలోకి ఒంపేటప్పుడు గరాటా మీద గుడ్డ వేసి వడకట్టడం చిన్నాయిన అలవాటు. ఆ రోజు చేతికి ఏ గుడ్డ దొరికిందో, అది ఎప్పుడు లోపలికి జారిందో ఆయనకే తెలియదు. ఇంతలో ఆయన షెడ్డు వెనక్కి పోయి పానాలు వెతకడం మొదలుపెట్టాడు. ఆయనకు పానాలతో పనేమీ లేదు.

"ఇగ్గో, గిటు రా" అంది చిన్నమ్మ. ఆయన రాలేదు. ఆమె కాసేపు ఆ దిక్కు చూసి, నా వైపు తిరిగి, "మీ అమ్మకు ఫోన్ కలుపు" అంది. కలిపిచ్చాను. "అక్కా, ఏం జేస్తున్నవ్? ఏం లే, ఊకెనే జేసిన. ఆదివారం రా, నాటుకోడి కోస్త" అంది. రవిక మాట ఎత్తనే లేదు. ఆ గుడ్డను మాత్రం ఇంటికి తీసుకుపోయి మూడు రోజులు సర్ఫులో నానబెట్టింది, కుట్టించుకోవచ్చేమోనని.

ఆ వారాంతానికి ఉస్తాద్ తిరిగొచ్చాడు. జహీరాబాద్ నుంచి మనవరాలు పుట్టిన మిఠాయి తెచ్చాడు. మిఠాయి నోట్లో పెట్టుకోకముందే నేను అంతా చెప్పేశాను. ఇంజిన్ ముట్టుకున్నానని, ఫోన్‌లో అబద్ధం చెప్పానని, రెండుసార్లు తప్పు చేశానని, ఖాళీ బండి తోలి చూశానని. ఆయన విని మిఠాయి డబ్బా మూత పెట్టాడు.

"మొదటిసారి వణుకుడు తగ్గకపోతే మీ చిన్నాయిన నాకు ఫోన్ జేసిండు" అన్నాడు.

నా చేతిలోని మిఠాయి అక్కడే ఆగిపోయింది.

"మేడ్చల్‌ల నా దోస్త్ ఉన్నడు, వాని దగ్గరకు తోల్కపో అన్న. ఒద్దన్నడు. 'మా బిడ్డ చేతుల పెట్టిన, ఆమెనే జూస్తది. ఎంత సేపైతె గంత సేపు' అన్నడు. హాలు పోతదేమో భాయ్ అన్న. 'ఇంకో హాల్ దొరుకుతది. ఆమెకు మొదటి బండి మల్ల దొరకదు గదా' అన్నడు." అని ఉస్తాద్ మిఠాయి డబ్బా మూత మళ్ళీ తీశాడు. "అబద్ధం చెప్పినందుకు నెల రోజులు షెడ్డు ఊడువు. బండి రోగం దొరకబట్టినందుకు ఇంకో ముక్క తీస్కో."

నెల రోజులు ఊడ్చాను. ఊడుస్తూ రెండు మూడుసార్లు ఏడ్చాను కూడా, దుమ్ము వల్ల అని చెప్పాను. నాయిన ఆర్నెల్ల గడువు సంగతి మళ్ళీ ఎత్తలేదు. చిన్నాయినను ఈ ఫోన్ సంగతి నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళన్నీ సొంత జనరేటర్లు పెట్టుకున్నాయి. చిన్నాయిన బండి అమ్మేసి కూరగాయల తోట చేస్తున్నాడు. నాకు శామీర్‌పేట వైపు సొంత షెడ్డుంది. కాని ఈ కథ మా చుట్టాల పెళ్ళిళ్ళలో ఇంకా నడుస్తూనే ఉంది, ఎందుకంటే దాన్ని చెప్పేది చిన్నమ్మ. ఏటేటా అది కొంచెం మారుతోంది. మొన్నామధ్య ఒక పెళ్ళిలో పదేళ్ళ మా అమ్మాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెబుతుంటే పక్కనుంచి విన్నాను. "మీ అమ్మ బానెట్ లేపింది. ఒక్కసారి, ఒక్కటంటె ఒక్కసారే చెవి పెట్టి ఇన్నది. 'చిన్నమ్మా, టాంకిల గుడ్డ ఉన్నది' అన్నది. జూస్తె నిజంగనే గుడ్డ! పెద్ద పెద్ద మిస్త్రీలు దండం పెట్టిన్రు."

నిమ్మకాయలు లేవు, ఖాళీ బండి తోలడం లేదు, అబద్ధాలు లేవు. పట్టుచీర మీద పారిన డీజిల్ మాట కూడా ఆమె ఎత్తలేదు. మా అమ్మాయి కళ్ళింత చేసుకుని నన్ను చూసి, "నిజమేనా అమ్మా?" అంది. జరిగింది జరిగినట్టు చెబుదామని నోరు తెరిచాను. అవతల చిన్నమ్మ నా వైపే చూస్తోంది. ఆ చూపులో, తప్పులు చేయని, భయపడని, ఒక్కసారి వింటే అంతా తెలిసిపోయే ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల ఒకతి నిలబడి ఉంది. నాకెప్పుడూ పరిచయం లేని పిల్ల. చిన్నమ్మ ఇన్నేళ్ళుగా నన్ను అలాగే చూస్తూ వచ్చింది కాబోలు.

"ఆఁ, నిజమే" అన్నాను, కొంచెం సిగ్గుపడుతూ.